ప్రాంప్టింగ్ లేని సెట్టు: అట్లాంటాలో నటుడిగా నా అనుభవం

అమెరికాలో ఏ షూటింగ్‌కి పిలిచినా మేకప్ కుర్చీ కంటే ముందు ఐ-9 ఫారం చేతిలో పెడతారు. ఈ దేశంలో పనిచేసే హక్కు మనకుందని రుజువు చేసే కాగితం అది. హైదరాబాద్‌లో పరిషత్తు నాటకాలు, సీరియళ్లు చేసి వచ్చిన నాకు ఇక్కడి నటన గురించి బోలెడు సలహాలు దొరికాయి కానీ, ఈ ఫారం సంగతి ఎవరూ చెప్పలేదు. అందుకే వీసాతోనే మొదలుపెడుతున్నాను.

హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఆ పిటిషన్ వేసిన కంపెనీకే పనిచేయాలి. శనివారం ఒక్కరోజు జనంలో నిలబడి డబ్బు తీసుకున్నా అది అనుమతి లేని పనే. డబ్బు వద్దన్నా, మామూలుగా జీతమిచ్చి చేయించే పనైతే చిక్కు తప్పదు. న్యూజెర్సీలో, డల్లాస్‌లో మనవాళ్లు వీకెండ్‌లలో తీసే షార్ట్ ఫిల్మ్‌లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. స్నేహితులంతా కలిసి సొంత సరదాకి తీసుకోవడం వేరు, యూట్యూబ్ ఆదాయంలో వాటా పుచ్చుకోవడం వేరు. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్లుగా నిలబడ్డవాళ్లు ఒక్క సీను కోసం దాన్ని పాడుచేసుకోవద్దని గట్టిగా చెబుతాను. అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని గంటసేపు కలవండి. ఆ ఫీజు వృథా కాదు.

హెచ్-4 మీద, అంటే హెచ్-1బి వాళ్ల భార్య లేదా భర్తగా ఉండి, జీవిత భాగస్వామికి ఐ-140 అనే గ్రీన్‌కార్డు పిటిషన్ ఆమోదం వచ్చి ఉంటే, 2015 మే నుంచి ఈఏడీ అనే పని అనుమతి కార్డుకు దరఖాస్తు చేసుకునే వీలుంది. ఆ కార్డుతో ఏ సంస్థ దగ్గరైనా, ఏ రంగంలోనైనా పనిచేయొచ్చు. నా దారి ఇదే. కార్డు గడువు మాత్రం కంట కనిపెట్టుకుని ఉండాలి. 180 రోజుల ముందే రెన్యువల్ వేయొచ్చు కాబట్టి ఆ మొదటి వారంలోనే వేసేయండి. పాత్ర ఖాయమయ్యాక షూటింగ్ తేదీకి కార్డు చెల్లకపోతే ప్రొడక్షన్‌వాళ్లు ఆగరు, పాత్ర ఇంకొకరికి వెళ్తుంది. ఎఫ్-1 విద్యార్థులకు డిగ్రీ తర్వాత వచ్చే 12 నెలల ఓపీటీ అనే పని అనుమతి చదివిన సబ్జెక్టుకు సంబంధించిన పనికే పనికొస్తుంది. కంప్యూటర్ సైన్స్ ఓపీటీతో నటించడం కుదరదు, థియేటర్ డిగ్రీ చేసినవాళ్లకు కుదురుతుంది.

ఇండియాలో ఇప్పటికే పేరున్నవాళ్లకు ఓ-1బి వీసా ఉంది. మొదట గరిష్ఠంగా 3 సంవత్సరాలు ఇస్తారు, తర్వాత ఏడాది చొప్పున పొడిగిస్తారు. సినిమా, టీవీ పనికైతే రెండు అభిప్రాయ లేఖలు కావాలి: ఒకటి నటుల యూనియన్ నుంచి, ఇంకొకటి నిర్మాతల పక్షం సంస్థ నుంచి. మనవాళ్లు తడబడేది సాక్ష్యాల దగ్గర. ఈనాడులోనో ఆంధ్రజ్యోతిలోనో వచ్చిన సమీక్షను కత్తిరించి ఆల్బమ్‌లో అంటించుకుంటే చాలదు. పత్రిక పేరు, తేదీ, రాసినవారి పేరు కనిపించే పూర్తి పేజీ ఉండాలి. దాని పూర్తి ఇంగ్లిష్ అనువాదం, ఆ అనువాదం సరైనదని, తనకు రెండు భాషలూ వచ్చని అనువాదకుడు సంతకం చేసిన పత్రం జతచేయాలి. నంది అవార్డు ఉంటే జ్ఞాపిక ఫోటో ఒక్కటే పెట్టకండి. ఆ అవార్డు ఎవరిస్తారు, ఎలా ఎంపిక చేస్తారు అన్నది వివరించే కాగితం కూడా పెట్టండి. అధికారికి నంది అంటే ఏమిటో తెలియదు. ఇవన్నీ హైదరాబాద్‌లో ఉండగానే పోగుచేసుకోవడం సులువు.

పేరు గురించి ఒక మాట. ఇంటిపేరు విడిగా లేకుండా పాస్‌పోర్టు తీసుకున్న మనవాళ్లలో చాలామందికి వీసా మీద మొదటి పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. సోషల్ సెక్యూరిటీ కార్డులో ఒకలా, ఈఏడీలో ఇంకోలా ఉంటే పేరోల్‌వాళ్లు చెక్కు ఆపేస్తారు. ముందు కాగితాలన్నీ ఒకే పేరుకు తెచ్చుకోండి. తెరపేరు వేరే పెట్టుకోవచ్చు, కానీ యూనియన్‌లో ఒకరికున్న తెరపేరు ఇంకొకరికి ఇవ్వరు కాబట్టి రెజ్యూమే అచ్చువేసేలోపే వెతికి చూసుకోవాలి. పొడుగు పేరని తెగ్గోసుకోవాల్సిన పనేమీ లేదు. పలికే తీరు ఆడిషన్ వీడియోలో మనల్ని పరిచయం చేసుకునే 'స్లేటు'లో ఒకసారి స్పష్టంగా చెబితే కాస్టింగ్‌వాళ్లు నేర్చుకుంటారు.

ఇక ఊరు. అందరూ లాస్ ఏంజెలిస్ అంటారు. నేను అట్లాంటా ఎంచుకోవడానికి కారణం జార్జియా పన్ను రాయితీ. 2008 నుంచి ఇక్కడ ఖర్చు మీద 20 శాతం, చివర్లో రాష్ట్రం పీచ్‌పండు లోగో వేస్తే ఇంకో 10 శాతం క్రెడిట్ ఇస్తున్నారు. దానితో ఫాయెట్‌విల్‌లో ట్రిలిత్, ఊళ్లో పాత సైనిక స్థావరం ఫోర్ట్ మెక్‌ఫెర్సన్‌లో 330 ఎకరాల టైలర్ పెర్రీ స్టూడియోస్ లాంటివి వచ్చాయి. ముఖ్య పాత్రలకు నటుల్ని లాస్ ఏంజెలిస్, న్యూయార్క్‌ల నుంచి తెస్తారు. ఒకటి రెండు రోజుల పాత్రలకు విమానం, హోటలు ఖర్చెందుకని స్థానికుల్ని తీసుకుంటారు. దీన్నే 'లోకల్ హైర్' అంటారు. కొత్తవాళ్లకు తలుపు తెరుచుకునేది అక్కడే. ఆల్ఫారెటా, కమింగ్, జాన్స్ క్రీక్‌లలో ఉన్న తెలుగువాళ్లకు ఈ స్టూడియోలు కారు దూరం. అయితే 2023లో హాలీవుడ్ రచయితలు, నటులు చేసిన సమ్మె తర్వాత ఇక్కడ షూటింగ్‌లు బాగా తగ్గాయి. ఆ సంగతి తెలుసుకునే ఇల్లు మారండి.

పాత్రల మెట్లు ఇలా ఉంటాయి. అన్నిటికన్నా కింద బ్యాక్‌గ్రౌండ్, అంటే మన కృష్ణానగర్ భాషలో జూనియర్ ఆర్టిస్ట్. ఆ పైన రెండు మూడు మాటలుండే కో-స్టార్, ఎపిసోడ్ కథను నడిపే గెస్ట్ స్టార్, మళ్లీ మళ్లీ వచ్చే రికరింగ్, చివరికి సిరీస్ రెగ్యులర్. బ్యాక్‌గ్రౌండ్ పని సెట్టు తెలుసుకోవడానికి నాలుగైదు సార్లు చేయండి. రెండు మూడు జతల బట్టలు మీరే తీసుకెళ్లాలి. లోగోలు, తెల్లచొక్కా, ముదురు ఎరుపు, సన్నచారలు వద్దు. వెనకాల మాట్లాడుతున్నట్టు పెదాలు కదపాలే తప్ప శబ్దం రాకూడదు. ఫోను బయటికి తీసి ఫోటో కొడితే అదే ఆఖరి రోజు. ఆ పనిని రెజ్యూమేలో మాత్రం రాయకండి.

రెజ్యూమే ఒకటే పేజీ. వయసు రాయరు. సినిమా, టీవీ, రంగస్థలం, శిక్షణ అన్న వరుసలో మూడు నిలువు గడులు: పేరు, పాత్ర స్థాయి, నిర్మాణ సంస్థ లేదా దర్శకుడు. తెలుగు సీరియల్‌లో వెయ్యి ఎపిసోడ్లు చేసినా 'సిరీస్ రెగ్యులర్, తెలుగు' అని ఒక్క వరుస చాలు, కానీ ఆ వరుస తప్పక ఉండాలి. కెమెరా ముందు ఎన్నాళ్లు నిలబడ్డారో దాన్నుంచే వాళ్లకు తెలుస్తుంది. హెడ్‌షాట్, అంటే ముఖం ఫోటో, 8×10 అంగుళాల నిష్పత్తిలో రెండు చాలు: నవ్వుతో ఒకటి, నాటకీయంగా ఒకటి. మన స్టూడియోల్లో చేసినట్టు రంగు తేల్చి, మచ్చలు చెరిపేస్తే పనికిరాదు. ఫోటోలో మనిషి, టేపులో మనిషి వేరుగా కనిపిస్తే నమ్మకం పోతుంది. చామనఛాయ, నలుపు చర్మాలకు వెలుతురు పెట్టడం తెలిసిన ఫోటోగ్రాఫర్‌ని పాత పని చూసి ఎంచుకోండి.

ఇప్పుడు అసలు పని, సెల్ఫ్ టేప్, అంటే మనమే ఇంట్లో తీసి పంపే ఆడిషన్ వీడియో. ఇక్కడ ఆఫీసు మెట్లెక్కి 'అవకాశమివ్వండి సార్' అని అడిగే పద్ధతి లేదు. యాక్టర్స్ యాక్సెస్, కాస్టింగ్ నెట్‌వర్క్స్ లాంటి సైట్లలో ప్రొఫైల్ ఉంటుంది. పాత్ర వివరం, అంటే 'బ్రేక్‌డౌన్', రాగానే ఏజెంటు మన పేరు పంపుతాడు. నచ్చితే 'సైడ్స్' అనే కొన్ని పేజీల సీను వస్తుంది. యూనియన్ సినిమాలు, సిరీస్‌లైతే 2023 ఒప్పందం ప్రకారం మొదటి టేపుకు 8 పేజీలు మించకూడదు, సెలవురోజులు పోను 48 గంటలు ఇవ్వాలి. గడువు ఏ ప్రాంతం టైములో ఉందో చూసుకోండి. లాస్ ఏంజెలిస్ మధ్యాహ్నం 12 అంటే అట్లాంటాలో 3 గంటలు. రోజూ చూస్తున్నా నేనిప్పటికీ రెండుసార్లు లెక్కేసుకుంటాను.

మామూలు ఫోను చాలు. అడ్డంగా పెట్టి, 1080 రిజల్యూషన్‌లో, లెన్సు కంటి ఎత్తుకు వచ్చేలా స్టాండు మీద నిలపండి. వెనక ముదురు బూడిద లేదా నీలం గుడ్డ, 5×7 అడుగులది. గుడ్డకూ మీకూ మధ్య కనీసం 3 అడుగులు లేకపోతే నీడ పడుతుంది. మెత్తటి లైట్లు రెండు, చెరో పక్క 45 డిగ్రీల్లో. ఇంట్లో పసుపు బల్బులు ఆర్పేయాలి, లేకపోతే ముఖం రెండు రంగుల్లో కనిపిస్తుంది. ఫ్రేము ఛాతీ నుంచి తలపై కొద్దిగా ఖాళీ వరకు. చూపు లెన్సులోకి కాదు, లెన్సుకు ఆనుకుని పక్కన నిలబడి ఎదుటి పాత్ర మాటలు చదివే రీడర్ కళ్లలోకి. రీడర్ దూరంగా నిలబడితే మీ ముఖం పక్కకు తిరిగిపోయి ఒక కన్నే కనిపిస్తుంది. మొదటిసారి చేసేవాళ్ల టేపుల్లో ఎక్కువగా చూసే తప్పిదే.

శబ్దం చాలామంది పట్టించుకోరు. ఫ్రిజ్ గుర్రుమనడం, కుక్కర్ విజిల్, పై అంతస్తు అడుగులు అన్నీ వినిపిస్తాయి. చిన్న కాలర్ మైకు కొనండి. అల్మరా నిండా బట్టలున్న గదిలో తీస్తే ప్రతిధ్వని తగ్గుతుంది. రీడర్ మైకుకు దగ్గరగా ఉంటాడు కాబట్టి మీకంటే తక్కువ గొంతుతో చదవాలి, నటించకూడదు. స్లేటులో పేరు, ఎత్తు, ఉండే ఊరు, వాళ్లడిగితే పూర్తి నిలువు షాటు. ఫైలు పేరు ఎలా పెట్టమన్నారో అక్షరం పొల్లుపోకుండా అలాగే పెట్టండి. రెండు టేకులు అడిగితే రెండూ నిజంగా వేరుగా ఉండాలి. పంపాక మరిచిపోండి. జవాబు రాకపోవడమే ఇక్కడ మామూలు జవాబు. 'పిన్' చేశామన్నా, ఆ తేదీలు ఖాళీయేనా అని అడిగినా అది పాత్ర దొరికినట్టు కాదు. 'బుక్డ్' అన్న మాట రాతపూర్వకంగా వచ్చేదాకా ఆఫీసులో సెలవు పెట్టకండి.

పరిషత్తు నుంచి వచ్చినవాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. చివరి వరుసకు వినిపించాలని నేర్చుకున్న గొంతు, కనుబొమ్మల ఆట ఈ ఫ్రేములో మోటుగా కనిపిస్తాయి. నాకు పనికొచ్చిన పద్ధతి: అదే సీను మూడుసార్లు తీయడం. ఒకటి మామూలుగా, రెండోది పక్క కుర్చీలో మనిషికి చెప్పినట్టు, మూడోది ఎవరికీ వినపడకూడదన్నట్టు. దాదాపు ప్రతిసారీ రెండోది పంపుతాను.

ఉచ్చారణ. 'యాస పోగొట్టుకో' అన్న సలహా తప్పు. మన యాస మన దగ్గరే ఉండాలి, దాని పక్కన ఇంకొకటి నేర్చుకోవాలి. కాలిఫోర్నియాలో తెలుగింట పుట్టి, మన సినిమాల్లో బాలనటిగా చేసి, ఇప్పుడు హాలీవుడ్‌లో పెద్ద పాత్రలు చేస్తున్న అవంతిక వందనపు లాంటి అమెరికా పిల్లలకు అమెరికన్ ఇంగ్లిష్ పుట్టుకతోనే ఉంది. మనం దాన్ని పని చేసి సంపాదించాలి. డయలెక్ట్ కోచ్ దగ్గరికి వెళ్లేముందే తెలుగు నోటికి ఎక్కడ తట్టుకుంటుందో తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది.

తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. అందుకే కారు, బస్సు, కప్పు అన్నాం. బాగా సాధన చేసినవాళ్లు కూడా పదకొండో గంట షూటింగ్‌లో అలసిపోగానే 'కప్' చివర చిన్న ఉకారం జారిపోతుంది. పదాన్ని హల్లు మీద మూసి, అక్కడే ఆపడం రోజూ సాధన చేయాలి. రెండోది ద్విత్వం. 'హ్యాపీ', 'ఫన్నీ' స్పెల్లింగులో రెండేసి అక్షరాలు చూసి మనం ఒత్తి పలుకుతాం. ఇంగ్లిష్‌లో అక్కడ ఒత్తు లేదు. మూడోది ట, డ. మన నాలుక వెనక్కి మడత పడుతుంది, వాళ్లది పైపళ్ల వెనకున్న గట్టును తాకుతుంది. మాట మొదట్లో వచ్చే ప, ట, క లతో గాలి బయటికి రావాలి. నోటిముందు టిష్యూ కాగితం పట్టుకుంటే అది కదలాలి, కదలకపోతే 'పెన్' వాళ్లకు 'బెన్' అని వినిపిస్తుంది. అచ్చుల మధ్య ట మాత్రం మనకు చుట్టమే. అమెరికన్ నోట 'సిటీ' అన్న మాట మన 'సిరి'కి చాలా దగ్గర, ఆ శబ్దం అచ్చంగా మన తేలిక 'ర'. ఇది తెలిశాక వారం రోజుల్లో పట్టుబడుతుంది.

వ దగ్గర మనకు ఒకటే అక్షరం, వాళ్లకు రెండు శబ్దాలు. ఒకదానికి పైపళ్లు కింది పెదవిని తాకాలి. ఇంకోదానికి ఈల వేసేటప్పటిలా పెదాలు గుండ్రంగా ముందుకు రావాలి, పళ్లు తగలకూడదు. 'జీరో'లో 'జ' బదులు, 'స' అంటూ నాలుక కదపకుండా గొంతులో నాదం కలపండి. వీటన్నిటికన్నా పెద్దది లయ. మనం ప్రతి అక్షరానికీ సమానంగా విలువిస్తాం. వాళ్లు ఒక అక్షరాన్ని నొక్కి మిగతావాటిని మింగేస్తారు. 'ఫోటోగ్రాఫ్'లో మొదటి అక్షరం బరువు, 'ఫోటోగ్రఫీ'లో రెండోది. స్క్రిప్టులో ప్రతి పొడుగు మాటకూ బరువున్న అక్షరం కింద గీత గీసుకుని చదవండి. శబ్దాలు కొంచెం అటూ ఇటూ అయినా లయ కుదిరితే మాట అర్థమవుతుంది.

ఏజెంటు కోసం హెడ్‌షాట్, రెజ్యూమే, చేసిన సీన్ల ముక్కలతో ఒక నిమిషం రీల్ లేదా రెండు మంచి టేపులు పంపాలి. హైదరాబాద్‌లో కోఆర్డినేటర్ ఉన్నట్టే అనుకోండి, కానీ ఇక్కడ ఏజెంటుకు డబ్బు వచ్చేది మనం సంపాదించాకే. యూనియన్ పనిలో 10 శాతం, యూనియన్ కాని ప్రకటనల్లో అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. చేర్చుకోవడానికి ముందే డబ్బడిగినా, ఫలానా ఫోటోగ్రాఫర్ దగ్గరే తీయించుకోవాలన్నా లేచి వచ్చేయండి. కాలిఫోర్నియాలో 2010 నుంచి ముందస్తు రుసుము తీసుకుని అవకాశాలిప్పిస్తామనడం చట్టరీత్యా నేరం. ఇంకో మోసం: దుస్తులకని పెద్ద చెక్కు పంపి, మిగిలిన సొమ్ము 'స్టైలిస్ట్'కు పంపమంటారు. వారంలో ఆ చెక్కు బౌన్సవుతుంది, పంపిన డబ్బు మనది. దొంగ స్పాన్సర్ లేఖలు అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ లేఖ మీద వచ్చిన వీసా ఎప్పుడైనా పోతుంది.

ఇక నటుల యూనియన్, సాగ్-ఆఫ్ట్రా. దాని ఒప్పందం కింద ఒక్కరోజు మాటలున్న పాత్ర చేసినా, మూడురోజులు యూనియన్ వోచర్‌తో బ్యాక్‌గ్రౌండ్ చేసినా చేరడానికి అర్హత వస్తుంది. మొదటి తరహాలో యూనియన్‌లో లేని మనిషిని తీసుకున్నానని నిర్మాత 'టాఫ్ట్-హార్ట్‌లీ' నివేదిక పంపుతాడు. జాతీయ ప్రవేశ రుసుము 3,000 డాలర్లు, ఆపైన ఏటా చందా, సంపాదనలో 1.575 శాతం. డే ప్లేయర్, అంటే రోజు లెక్కన మాటలున్న పాత్ర చేసే నటుడి కనీస వేతనం 2024 జూలైలో రోజుకు 1,204 డాలర్లు అయింది, తర్వాత ఇంకా పెరిగింది. జార్జియా 'రైట్ టు వర్క్' రాష్ట్రం కాబట్టి ఇక్కడ చేరకుండానే యూనియన్ షూటింగ్‌లలో పనిచేయొచ్చు. చేరాక మాత్రం యూనియన్ కాని పనులు ప్రపంచంలో ఎక్కడా చేయకూడదు. అర్హత రాగానే చేరిపోవద్దన్నది నా అభిప్రాయం. ఇక్కడ చిన్న ప్రకటనలు, ఇండిపెండెంట్ సినిమాలు చాలావరకు యూనియన్ బయటివే. రీల్ తయారయ్యేది వాటితోనే. అర్హత పత్రం, పే స్టబ్ (జీతం చీటీ), ఒప్పందం మూడూ స్కాన్ చేసి దాచుకోండి.

సెట్టులో మనల్ని అన్నిటికన్నా తికమకపెట్టేది ప్రాంప్టింగ్ లేకపోవడం. హైదరాబాద్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ పక్కనుంచి డైలాగు అందిస్తాడు, గొంతు తర్వాత డబ్బింగ్‌లో వేస్తారు. ఇక్కడ సెట్టు మీద పలికిన గొంతే తెర మీదికి వెళ్తుంది. మాట పొల్లుపోకుండా కంఠతా రావాలి. అలవాటుకు నేను గిన్నెలు తోముతూ, మెట్లెక్కుతూ డైలాగు చెప్పుకుంటాను. చేతులు వేరే పనిలో ఉండగా తడబడకుండా వస్తేనే వచ్చినట్టు. 'కాల్‌షీట్' కూడా వేరే అర్థం: మనం ఇచ్చే డేట్లు కాదు, ముందురోజు రాత్రి వచ్చే మర్నాటి పట్టిక. అందులో మీ పేరు ఎదురుగా ఉన్న సమయానికి 15 నిమిషాల ముందు పార్కింగ్‌లో ఉండాలి. ఏ వాక్యం దగ్గర కప్పు ఎత్తారో గుర్తుంచుకోండి, ప్రతి యాంగిల్‌లోనూ అక్కడే ఎత్తాలి.

చివరగా, తెలుగు పేరున్న పాత్ర ఇంట్లో అమ్మతో హిందీ మాట్లాడినట్టు సైడ్స్‌లో రాసి ఉండటం కనిపిస్తుంది. టేపులో మాత్రం రాసినట్టే చేయండి, సొంతంగా మార్చకండి. పాత్ర ఖాయమయ్యాక ఏజెంటు ద్వారా రెండు వాక్యాల్లో చెప్పండి: ఈ ఇంటిపేరు తెలుగువాళ్లది, ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కావాలంటే అనువాదం నేనిస్తాను. ఒప్పుకుంటే ఇంగ్లిష్ వాక్యానికి పట్టే సమయంలోనే పూర్తయ్యే తెలుగు మాట రాయండి, పుస్తక భాష వద్దు. దాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో, పక్కన మాట మాటకూ అర్థంతో, షూటింగ్‌కు ముందురోజే స్క్రిప్ట్ సూపర్‌వైజర్‌కు అందేలా చూడండి. ఎడిటింగ్ గదిలో తెలుగు వచ్చినవాళ్లెవరూ ఉండరు, వాక్యం ఎక్కడ ముగిసిందో వాళ్లకు ఆ కాగితమే చెప్పాలి.